మా అక్క ధైర్యం చాలక చనిపోలేదు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



ఏటా ఫిబ్రవరి 4న ప్రపంచ క్యాన్సర్ దినం పేరిట మన ఊళ్లలో ర్యాలీలు జరుగుతాయి. కాలేజీ పిల్లలు ప్లకార్డులు పట్టుకుని నడుస్తారు, సాయంత్రం సభలో పెద్దలు మాట్లాడతారు. ఆ ప్రసంగాల్లో ఒక మాట తప్పకుండా దొర్లుతుంది: మనోధైర్యం ఉంటే క్యాన్సర్‌ను జయించవచ్చు. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. ఒంట్లో ఏ జబ్బూ లేనివాళ్లకు అది ఉత్సాహంగానే ఉంటుంది. కానీ ఆ సభలోనే వెనక వరసలో, ఊడిపోయిన జుట్టు కనబడకుండా తలకు చున్నీ చుట్టుకుని కూర్చున్న మనిషి చెవిలో ఆ మాట ఇంకోలా పడుతుంది. జబ్బు తగ్గకపోతే లోపం నీలోనే ఉందని పడుతుంది.

ఆ మాటను ప్రభుత్వ సభల్లో ఇక అననివ్వకండి. రోగి మనసుకు కావలసిన వైద్యాన్ని మాత్రం ఆసుపత్రిలో పెట్టండి. ఈ ఉత్తరంలో నేను అడగబోయేది ప్రధానంగా ఈ రెండే.

మా అక్కకు అండాశయ క్యాన్సర్. కడుపు ఉబ్బరంగా ఉందంటే గ్యాస్ అనుకున్నాం, చాలా ఇళ్లలో అనుకున్నట్టే. నరసరావుపేటలో స్కానింగ్ తీసి, కడుపులో నీరు చేరిందని పెద్దాసుపత్రికి రాసిచ్చేసరికే మూడో స్టేజీ. ఆపరేషన్ చేశారు, కీమో ఎక్కించారు. ఖర్చులో చాలా భాగం ప్రభుత్వ పథకమే మోసింది. బావగారి సంపాదనతో అయితే ఆ గుమ్మం కూడా ఎక్కలేకపోయేవాళ్లం. ఆ మేలును మా కుటుంబం మరిచిపోదు.

కీమో నడిచినన్నాళ్లూ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ ఒకే పాఠం చెప్పి వెళ్లేవాళ్లు. "సగం జబ్బు మనసులోనే ఉంటుందమ్మా, గట్టిగా ఉండు." "కన్నీళ్లు పెట్టుకోకు, ఏడిస్తే జబ్బు ముదురుతుంది." "ఫలానా ఆవిడ చూడు, నవ్వుతూ తిరిగి నయం చేసుకుంది." అక్క అందరికీ తలూపేది, కాఫీ ఇవ్వమని నాకు సైగ చేసేది. దువ్వెనతో పాటు జుట్టు కుచ్చులుగా వచ్చేసిన రోజున బావగారు ఎదురుగా ఉన్నారని ఏడవలేదు. కూతురు చూస్తుందని ఏడవలేదు. బాత్‌రూమ్‌లో బకెట్ కింద కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

చికిత్స అయ్యాక సీఏ 125 అనే రక్తపరీక్ష చేయిస్తూ ఉండాలి. కొంతకాలం ఆ అంకె అదుపులో ఉండి, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. స్కాన్ తీస్తే తిరగబెట్టిందన్నారు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక అక్క నన్ను అడిగింది: "ఏమే, నేను సరిగ్గా ధైర్యంగా ఉండలేదేమో. పైకి నవ్వానే గానీ లోపల భయపడుతూనే ఉన్నాను. అందుకే మళ్లీ వచ్చిందేమోనే."

అక్క పోయిన తర్వాత ఒక క్యాన్సర్ వైద్యురాలిని ఈ సంగతే అడిగాను. ముదిరాక బయటపడిన అండాశయ క్యాన్సర్ చికిత్సకు మొదట బాగా లొంగినా ఎక్కువమందిలో తిరిగి వస్తుందని ఆవిడ చెప్పారు. కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ లాంటి మందులు కణాల్లో అత్యధిక భాగాన్ని చంపుతాయి. మందుకు తట్టుకున్న కొన్ని కణాలు ఎక్కడో మిగిలిపోతాయి, మెల్లగా విభజన చెందుతాయి. కొన్ని కుటుంబాల్లో బీఆర్‌సీఏ జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన లోపం ఈ జబ్బుకు దారి తీస్తుంది. "మీ అక్క నవ్విందో ఏడ్చిందో ఆ కణాలకు తెలియదమ్మా" అన్నారు. రెండు నిమిషాల మాట. అక్క బతికుండగా, తెల్లకోటు వేసుకున్న ఎవరో ఒకరు ఆమె చెయ్యి పట్టుకుని ఆ మాట చెప్పాల్సింది.

ఇది ఓదార్పు కోసం అల్లిన మాట కాదని తెలుసుకోవడానికి దొరికినవన్నీ చదివాను. మనసుకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని పరిశోధకులు నాలుగు దశాబ్దాలకు పైగా పరీక్షిస్తున్నారు. లండన్‌లో స్టీవెన్ గ్రీర్ బృందం 1979లో ఒక అధ్యయనం ప్రచురించింది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన మహిళల్లో పోరాట పటిమ చూపినవాళ్లు ఎక్కువమంది బతికారన్నది దాని సారాంశం. పది సంవత్సరాలకు, 1989లో అమెరికాలో డేవిడ్ స్పీగెల్ ఇంకా పెద్ద ఆశ కలిగించారు. రొమ్ము క్యాన్సర్ శరీరంలో ఇతర భాగాలకు పాకిన 86 మంది మహిళలలో కొందరిని బృందంగా కూర్చోబెట్టి మనసులో మాట చెప్పుకోనిస్తే, వాళ్లు మిగతావాళ్లకు దాదాపు రెట్టింపు కాలం బతికారు. ప్రపంచమంతా ఈ రెండు ఫలితాలనూ నమ్మింది. ఈనాటికీ మన చుట్టాలు చెప్పే పాఠానికి శాస్త్రం పేరిట దొరికే ఆధారం ఇక్కడిదే.

ఆ పరిశోధకుల నిజాయితీకి నేను దండం పెడతాను. వాళ్లే దాన్ని మళ్లీ పరీక్షకు పెట్టారు. 578 మంది మహిళలను గమనించి 1999లో ఫలితాలు ప్రచురించిన బ్రిటిష్ బృందంలో గ్రీర్ కూడా ఉన్నారు. పోరాట పటిమకూ ఆయుష్షుకూ సంబంధం కనబడలేదని ఆ బృందం ప్రకటించింది. తీవ్రమైన నిస్సహాయత, దిగులు ఉన్నవాళ్ల పరిస్థితి మాత్రం కొంత అధ్వానంగా ఉందని కూడా చెప్పింది. ఈ రెండో సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను. కెనడాలో 235 మందితో స్పీగెల్ పద్ధతినే పాటించి చూసి, 2001లో ఫలితాలు ప్రచురించారు. ఆయుష్షు పెరగలేదు. కానీ దిగులు తగ్గింది, నొప్పి బాధ తగ్గింది. స్పీగెల్ తానే మళ్లీ చేసి 2007లో ప్రచురించిన ప్రయోగంలోనూ మొత్తం మీద ఆయుష్షులో తేడా రాలేదు. అదే ఏడాది తల, మెడ క్యాన్సర్లున్న 1,093 మంది మీద వచ్చిన మరో అధ్యయనమూ మానసిక స్థితిని బట్టి ఎవరు ఎంతకాలం బతుకుతారో చెప్పలేమంది.

ఇన్ని అంకెలు అక్కర్లేదు, మనందరికీ తెలిసిన ఒక మనిషిని తలచుకుంటే చాలు. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు గారు విలేకరులను పిలిచి, తనకు పేగుల్లో క్యాన్సర్ వచ్చిందని తానే చెప్పారు. అప్పటికి ఆయనకు సుమారు తొంభై ఏళ్లు. బెదరలేదు, దాచుకోలేదు, చమత్కారంగానే మాట్లాడారు. అనారోగ్యంలోనే 'మనం' సినిమాలో తన పాత్రకు తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆయనకు మనోధైర్యం చాలలేదని తెలుగువాళ్లలో ఎవరైనా అనగలరా? ఆయన ధైర్యం వ్యాధిని ఆపలేదు. ఆ చివరి మూడు నెలలను మాత్రం ఆయనవిగా ఉంచింది. ధైర్యం చేసే పని అదే, అది చాలా పెద్ద పని.

గెలిచినవాళ్ల కథల్లో కూడా మనం చూడని భాగం ఒకటుంది. క్రికెటర్ యువరాజ్ సింగ్ గురించి చెప్పని ప్రేరణ ప్రసంగం లేదు. ఆయన పట్టుదల తక్కువది కాదు. కానీ ఆయనకు వచ్చింది రెండు ఊపిరితిత్తుల మధ్య పెరిగే జెర్మ్ సెల్ కణితి, కీమోకు బాగా లొంగే రకం. ఆయన వైద్యం చేయించుకున్నది అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో లారెన్స్ ఐన్‌హార్న్ దగ్గర. ఈ రకం కణితుల చికిత్సను 1970లలో సిస్‌ప్లాటిన్ అనే మందుతో మార్చేసిన వైద్యుడాయన. యువరాజ్ మళ్లీ మైదానంలోకి దిగారంటే అందులో కణితి రకం ఉంది, మందు ఉంది, దాన్ని ఎంత మోతాదులో ఎప్పుడు ఇవ్వాలో తెలిసిన మనిషి ఉన్నారు. ఇవన్నీ తీసేసి పట్టుదల ఒక్కటే మిగిల్చి చెబితే, అంతే పట్టుదలతో ఉండి కూడా వేరే రకం క్యాన్సర్‌తో పోయిన లక్షల మందిని అవమానించినట్టే.

అయితే మనసుతో పనేమీ లేదా? ఉంది. మనం పొరపాటుగా వేరేచోట వెతుకుతున్నాం. మనసు కణితిని కరిగించదు. మనిషిని ఆసుపత్రి దాకా నడిపించేదీ, గుమ్మంలో నుంచి వెనక్కి తిప్పేదీ మాత్రం మనసే.

భయాన్నే తీసుకోండి. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా నెలల తరబడి ఎవరికీ చెప్పని ఆడవాళ్లు మన పల్లెల్లో ఎందరో. రాచపుండు అన్న పేరు చెవిన పడడమే చావు కబురుగా వింటూ పెరిగినవాళ్లు వాళ్లు. బయాప్సీకి ముక్క తీస్తే, సూది గుచ్చితే గడ్డ కదిలి ఒళ్లంతా పాకుతుందని నమ్మేవాళ్లు పట్నాల్లోనూ ఉన్నారు. కరెంటు పెడితే మనిషి లోపల కాలిపోతాడని రేడియేషన్ మధ్యలో మానేసి వెళ్లినవాళ్లను మేం ఆసుపత్రి వరండాలోనే చూశాం. మన సినిమాలు కూడా ఈ భయానికి చాలా కాలం నీళ్లు పోశాయి. 'ప్రేమాభిషేకం', 'మాతృదేవోభవ' చూసి ఏడ్చిన తరాలకు క్యాన్సర్ అంటే త్యాగం చేసి వెళ్లిపోవడమే. ఆ జబ్బుతో ఇంట్లో వంట చేసుకుంటూ, పిల్లల ఫీజుల గురించి కొట్లాడుకుంటూ ఏళ్ల తరబడి బతికే మనిషి తెర మీద మనకు ఎప్పుడో గానీ కనబడదు.

ఇక దిగులు. వైద్యులు డిప్రెషన్ అనే ఈ దిగులు గురించే ముందు ప్రస్తావించాను. ఇది గుణం కాదు, జబ్బు. ఆసుపత్రిలో చికిత్స పొందే క్యాన్సర్ రోగుల్లో సుమారు మూడో వంతు మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు తేల్చాయి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన చికిత్సను సరిగ్గా పాటించకపోయే అవకాశం మిగతావాళ్లతో పోలిస్తే మూడు రెట్లు అని 2000లో వచ్చిన ఒక సమీక్ష లెక్క కట్టింది. మాత్ర మింగబుద్ధి కాదు, తారీఖు గుర్తుండదు, బస్సెక్కే ఓపిక రాదు, ఎందుకులే అనిపిస్తుంది. ఈ "ఎందుకులే" రోగి స్వభావం అనుకుని మనం ధైర్యవచనాలు చెబుతూ కూర్చుంటాం. డయాబెటిస్, గుండెపోటు, క్షయ, ఏ జబ్బులోనైనా ఇదే జరుగుతుంది.

మనోవ్యాధికి మందు లేదని మన సామెత. ఇవాళ అది చెల్లదు. స్కాట్లాండ్‌లో 500 మంది క్యాన్సర్ రోగులతో చేసి 2014లో ప్రచురించిన ప్రయోగం గురించి మీ శాఖలోని ప్రతి అధికారికీ తెలియాలని నా కోరిక. అందరికీ తీవ్రమైన డిప్రెషన్ ఉంది. సగం మందికి అప్పటిదాకా అందుతున్న మామూలు వైద్యమే ఇచ్చారు. మిగతా సగం మందిని శిక్షణ పొందిన క్యాన్సర్ నర్సులు చూశారు. సైకియాట్రిస్టు వెనకుండి సలహా ఇచ్చేవారు, మందులు కుటుంబ వైద్యుడు రాసేవారు. ఆరు నెలలకు నర్సులు చూసినవాళ్లలో 62 శాతం మందికి దిగులు సగానికి సగం తగ్గింది. రెండో వైపు 17 శాతం మందికే. అక్కడ కొత్త యంత్రమేదీ లేదు, కొత్త భవనం కట్టలేదు. ఉన్న నర్సులకే నేర్పించారు. మన దేశంలోనే గోవాలో విక్రమ్ పటేల్ బృందం ఇంకో అడుగు వేసి, వైద్య డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి వాళ్ల చేత డిప్రెషన్‌కు కౌన్సెలింగ్ చేయించింది, ఫలితాలను 2017లో లాన్సెట్‌లో ప్రచురించింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎమ్‌లు ఇంటింటికీ తిరిగే మన రాష్ట్రాల్లో ఇది అసాధ్యమని ఎవరూ అనలేరు.

మేం వెళ్లిన ఆసుపత్రి పేరు చెప్పను. ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి రాయడం లేదు. కానీ జబ్బు తిరగబెట్టిందన్న మాట అక్కకు ఎలా తెలిసిందో మీరు వినాలి. ఓపీలో డాక్టరు గారి బల్ల ముందు మొదలైన వరస తలుపు దాటి వరండాలోకి పోయింది. మా భుజాల మీదుగా ఇంకొకాయన తన ఓపీ చీటీ చాపుతున్నాడు. డాక్టరు గారు ఫిల్మ్ వెలుతురుకు ఎత్తి చూసి, "మళ్లీ వచ్చింది, కీమో స్టార్ట్ చేద్దాం, బ్లడ్ రిపోర్ట్ తెచ్చుకోండి" అన్నారు. ఆయన మంచివారు, పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. అక్క కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చుంది. వెనకున్నాయన "కొంచెం జరగండమ్మా" అన్నాడు. అతనిదీ తప్పు కాదు, అతని బస్సుకు టైమవుతోంది.

దీనికి ఎదురుగా ఇంకో దృశ్యం ఉంది. డే కేర్ వార్డులో అక్కకు నరం దొరకడం లేదు. కీమోతో నరాలు గట్టిపడిపోయాయి. పొడిచిన చోటల్లా వాస్తోంది. అక్క పళ్ల బిగువున ఓర్చుకుంటోంది. సిస్టర్ సూది పక్కన పెట్టి, వేడినీళ్లలో ముంచిన గుడ్డ అక్క చేతికి చుట్టి, "ఏడుపొస్తే ఏడ్చేయండమ్మా, తొందరేం లేదు, నేనిక్కడే ఉంటా" అంది. అక్క ఏడ్చింది. అందరి ముందూ, బిగ్గరగా. తర్వాత సూది పడింది, సెలైన్ ఎక్కుతుండగానే నిద్రపోయింది. ఆ సిస్టర్‌కు ఎవరూ అది నేర్పి ఉండరు, ఆ పిల్ల స్వభావం అంత మంచిది. రోగికి అలాంటి మనిషి దొరకడం అదృష్టం మీద ఆధారపడకూడదనే మిమ్మల్ని అడుగుతున్నాను.

నిజం చెప్పడం గురించి కూడా ఒక మాట రాయాలి, ఎందుకంటే అది మన ఇళ్ల సమస్య, మీ శాఖ సాయం లేకుండా మారదు. "అమ్మకు చెప్పకండి డాక్టరు గారూ, తట్టుకోలేదు" అని కొడుకులు గది బయట బతిమాలుకోవడం మన దగ్గర మామూలు. ప్రేమతోనే అంటారు. లోపల మంచం మీదున్న అమ్మకు సంగతి ఎప్పుడో అర్థమైపోయి ఉంటుంది. బోర్డు మీద ఆంకాలజీ అని ఉంది, పక్క మంచం ఆవిడ అన్నీ చెప్పేసింది. పిల్లలు బాధపడతారని అమ్మా నటిస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే సంగతి తెలిసి, ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా కుమిలిపోతారు. పొలం ఎవరి పేర రాయాలి, ఎవరిని చూడాలనుంది, మందులు ఎంతవరకు వాడాలి, ఏదీ మాట్లాడుకోరు. ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, రోగి ఎంతవరకు వినాలనుకుంటున్నారో ముందు అడగడం ఎలాగో నేర్పితే వచ్చే విద్య. 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో ప్రవర్తన, నైతికత, సంభాషణల మీద ప్రత్యేక భాగం చేర్చారు. అంతకు ముందు చదివి ఇవాళ వార్డులు నడిపిస్తున్న వైద్యులకూ ఆ శిక్షణ ఇప్పించండి.

మగవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఏడ్చే మగాణ్ణి నమ్మొద్దన్న సామెత వింటూ పెరిగినవాళ్లు వాళ్లు. ఉద్దానం వైపు చూడండి. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టి పీడిస్తోంది. ఎన్నో పరిశోధనలు జరిగినా అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కొబ్బరి, జీడిమామిడి తోటల్లో కాయకష్టం చేసిన మగవాళ్లు వారానికి రెండు మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద ఉండాలి. కారణం తెలియని జబ్బు వచ్చినప్పుడు మనిషి తననే కారణంగా చూసుకుంటాడు: నా తాగుడో, నా తిండో, ఏ జన్మ పాపమో. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు పింఛను కూడా వస్తోంది. ఇవి గొప్ప పనులు. ఆ నాలుగు గంటలూ ఆ మనిషి కదలకుండా ఒక్కచోటే ఉంటాడు కదా. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా, బతకబుద్ధి అవుతోందా" అని పక్కన కూర్చుని అడిగే మనిషిని అక్కడే పెడితే, విడిగా ఎక్కడికీ పిలిపించాల్సిన పని కూడా ఉండదు.

నొప్పిని వదిలేసి మనసు గురించి మాట్లాడడం అన్యాయం. నడుములోనో ఎముకల్లోనో రాత్రంతా పోట్లు పెడుతుంటే ఏ యోగీ ప్రశాంతంగా ఉండలేడు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఉంది, మాత్ర ఖరీదైనదీ కాదు. మాదకద్రవ్యాల చట్టం భయంతో దశాబ్దాల పాటు అది చాలా ఆసుపత్రుల్లోనే దొరకలేదు. 2014లో చట్టాన్ని సవరించాక లైసెన్సుల చిక్కు తగ్గింది. పొరుగున కేరళలో 1993లో కోళికోడ్‌లో కొందరు వైద్యులు మొదలుపెట్టిన, నొప్పినీ బాధనూ తగ్గించే ఉపశమన సేవ ఊరూరా పాకింది, 2008లో ఆ రాష్ట్రం దానికి ఒక విధానమే ప్రకటించింది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి చాలా ఏళ్లుగా ఈ సేవ నడుపుతోంది. తెలంగాణలో 'ఆలన' వాహనాలు రోగుల ఇళ్లకు వెళుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రతి జిల్లాకు అలాంటి బృందం తిరగాలి. రెండుచోట్లా దాన్ని ఆఖరి రోజుల్లో పిలిచే సేవగా ఉంచకండి. బోస్టన్‌లో చేసి 2010లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో సగం మందికి, జబ్బు బయటపడినప్పటి నుంచే మామూలు చికిత్సతో పాటు ఉపశమన వైద్యం కూడా ఇచ్చారు. వాళ్లలో డిప్రెషన్ తక్కువగా కనబడింది, రోజులు హాయిగా గడిచాయి, ఆయుష్షు కూడా సుమారు తొమ్మిది నెలల నుంచి పదకొండున్నర నెలలకు పెరిగింది. వాళ్లకు ఎవరూ ధైర్యవచనాలు చెప్పలేదు. నొప్పి చూశారు, ఆయాసం చూశారు, ఏం కావాలని అడిగారు.

అక్కకు ఆ వైద్యం చివరి నాలుగు వారాల్లో దొరికింది. నొప్పి మందు సరిచేసి, నిద్రకు ఒక మాత్ర ఇచ్చి, ఆ డాక్టరు గారు "ఇప్పుడు మీకు ఏం చేయాలనుంది?" అని అడిగారు. అక్క బట్టలు కుట్టేది. ఊరివాళ్లు ఇచ్చిన జాకెట్లు ఇంకా సంచిలో ఉన్నాయి. దిండు ఆనుకుని కూర్చుని వాటికి హుక్కులు కుట్టింది, మిషను మీద పని కూతురి చేత చేయించింది, కొలతల పుస్తకం పక్క వీధిలో కుట్టుపని నేర్చుకుంటున్న అమ్మాయికి అప్పజెప్పింది. ఆ రోజుల్లో ఎవరూ నవ్వమని చెప్పకపోయినా నవ్వింది, ఏడవాలనిపించినప్పుడు మా ముందే ఏడ్చింది. ఆ నాలుగు వారాల్లో దొరికిన వైద్యం మొదటి నుంచీ ఉండాల్సింది.

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలోనూ రాజీవ్ ఆరోగ్యశ్రీలోనూ ఆపరేషన్‌కు, కీమోకు, రేడియేషన్‌కు ప్యాకేజీలున్నాయి. క్యాన్సర్, డయాలసిస్ ప్యాకేజీల్లో రోగి మానసిక స్థితి పరీక్షను, అవసరమైనవాళ్లకు కౌన్సెలింగ్‌ను, మందులను తప్పనిసరి అంశంగా చేర్చి, అది జరిగినట్టు కేస్ షీటులో నమోదైతేనే బిల్లు చెల్లించండి. సున్నా నుంచి పది దాకా నీ బాధ ఎంత అని అడిగే చిన్న కాగితం ప్రపంచమంతా వాడుతున్నారు, దానికి పట్టేది ఒక నిమిషం. తెలుగులో అచ్చు వేయించి ఆరోగ్యమిత్ర బల్ల మీద పెట్టండి, చదవలేనివాళ్లను ఆరోగ్యమిత్రే అడిగి రాసుకోవాలి. ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలో వార్డుకు ఇద్దరు నర్సులకైనా ఈ పనిలో శిక్షణ ఇప్పించి ఆ బాధ్యతకు అలవెన్సు ఇవ్వండి. చెడ్డ కబురు చెప్పడానికి తలుపున్న ఒక గది, మూడు కుర్చీలు కావాలి. 2022 నుంచి పనిచేస్తున్న టెలీ మానస్ మానసిక సహాయ ఉచిత నంబరు 14416ను డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి. రోగి తాలూకు మనిషికి కూడా అది వర్తిస్తుందని రాయించండి. మా బావగారు అక్క పోయాక ఏడాది పాటు ఎవరితోనూ మాట్లాడలేదు.

వీటిలో ఏవి చేయగలరో, ఏవి ఎందుకు చేయలేరో నాకు విడిగా జవాబు రాయనక్కర్లేదు. పత్రికల్లోనే చెప్పండి. ఇవాళ కీమో కుర్చీలో కూర్చున్న ఇంకొకరి అక్క చదువుతుంది.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి ఒక చెల్లెలు